మాస్టారింటి క్యాసెట్టు, నేను తెచ్చిన వైరు

మా పక్కింటి మాస్టారు పోయారు. పనిమీద అండమాన్‌లోనే ఆ చివర మాయాబందర్‌లో ఉండగా ఫోనొచ్చింది. మా ఊరు బ్రూక్షాబాద్ చేరేసరికి అంతా అయిపోయింది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. వాటితో ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామంటే సిగ్గే ముందుకొస్తోంది.

నికోబార్‌లో ఉద్యోగం చేస్తుండగా సునామీలో ఆయన ఇల్లు పోయింది, ఒక్కగానొక్క కూతురూ పోయింది. ఆ తర్వాతే మా పక్కింటికొచ్చారు. చౌల్దారీలో చుట్టాలింట్లో ఉండబట్టి ఒక క్యాసెట్టు మాత్రం మిగిలింది. అందులో పాప పద్యాలు చదువుతుంది. ఆదివారం మాస్టారు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, దూదితో టేప్‌డెక్ తుడిచి, అది వేసేవారు. స్పీకర్లలో పాప గొంతు వెనక గుంయ్‌మని ఒకటే మోత.

"ఉండనీ బాబూ, వినపడతంది కదా" అనేవారు.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బ్యాలెన్స్‌డ్ వైరు గురించి ఎక్కడో చదివాను. అందులో ఒకే పాట రెండు తీగల్లో వెళుతుంది, ఒకదాంట్లో తిరగబడి. దారిలో మోత రెండింటి మీదా సమానంగా పడుతుంది. చివర ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే మోత పోయి పాట మిగులుతుంది. ఇంకేం, చెన్నై నుంచి ఓడలో తెప్పించాను. పిన్ను పట్టకపోతే అడాప్టర్ తగిలించాను. మరుసటి ఆదివారం మోత లేదు.

"షాబాష్" అన్నారు మాస్టారు. నేను వీధంతా చాటుకున్నాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నా ఘనత వినడానికి వెళ్ళేవాణ్ణి.

తర్వాతెప్పుడో నా వైరు సంగతి విని ఒక మెకానిక్ నవ్వాడు. డెక్కూ ఆంప్లిఫయరూ కూడా ఆ పద్ధతివే అయితేనే పని చేస్తుందట. ఒంటి పిన్ను పాత డెక్కుకి నా వైరు మామూలు వైరే. మరి మోతెలా పోయిందో అడగలేదు.

మొన్న పరామర్శకెళితే మాస్టారి భార్య చెప్పారు.

"మోత ఫ్రిజ్‌ది బాబూ. నువ్వొస్తన్నావంటే బంద్ చేసీవారు. కుర్రాడు మనసు పడి తెచ్చాడు, నొచ్చుకుంటాడనీవారు."

"మరి నేను వెళ్ళిపోయాక?"

"ఫ్రిజ్ మళ్ళీ చాలూ చేసి, క్యాసెట్టు మొదట్నుంచీ వినీవారు. మనింటి ఫ్రిజ్ మోతలో కలిసి గొంతు వినపడతంటే పాప ఇంట్లోనే ఉన్నట్టుంటాదనీవారు."

నా మెప్పు కోసం ప్రతి ఆదివారం ఆయన ఇంట్లోంచి ఆ పిల్లని బయటికి పంపానన్నమాట.

అమ్మగారు క్యాసెట్టు పెట్టి, అలవాటుగా ఫ్రిజ్ స్విచ్ దగ్గరికి నడిచారు.

"ఉండనీండమ్మా" అన్నాను.

గుంయ్‌మని మోత మొదలైంది. దాని వెనకే పాప గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకుంది.