లచ్చక్క మోసిన నింద

పక్కింటి టీవీలోంచి ఏడుపు సంగీతం వినబడితే నాకు లచ్చక్క గుర్తొస్తుంది. ఆమె మా బావగారి భార్య, నా పెద్ద యారాలు. ఎనభైల చివర్లో నేను కోడలిగా వెళ్లిన ఇల్లు మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, మన తెలుగు నేతవాళ్లుండే నీలం నగర్‌లో ఉండేది. ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో మగ్గాలు నడిచేవి, రాత్రి వాటి మధ్యే నేనూ మా ఆయనా చాప పరుచుకునేవాళ్లం.

సెలవు రోజు సాయంత్రం అందరం టీవీ ముందు చేరేవాళ్లం. ఆ హిందీ సీరియల్లో చిన్న కోడలు వేరు కాపురమంటూ ఇల్లు విరుస్తుంది, పెద్ద కోడలు అన్నీ భరించి మళ్లీ కలుపుతుంది. మా అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "కోడలంటే గట్లుండాలె" అనేది. నేను తల దించుకునేదాన్ని. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. నూలు దుమ్ముకు దగ్గు ఆగేది కాదు. విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో అద్దెకు ఒక గది, అక్కడి మాటలో ఖోలీ, చూసుకున్నాం గానీ, అత్తమ్మతో చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఒకరోజు బీడీలు చుడుతూ, మా ఆలోచన పసిగట్టిన లచ్చక్కే ఆ మాట కదిలించింది. "టీవీల ఇల్లు చూసినవా? మనిషికో ఖోలీ. గట్లయితే ఎవలైనా కలిసే ఉంటరు. నువ్వు పో, బిడ్డ పానం ముఖ్యం."

"అత్తమ్మ ఒప్పుకోదక్కా."

"నేను మాట్లాడ్త."

ఆ సాయంత్రమే మాట్లాడింది. అత్తమ్మ ముఖం మాడ్చుకుంది. "చిన్న కోడలు ఇల్లు ఇరిచిందంటరు. గల్లీల తలెట్ల ఎత్తుకోవాలె?"

"నా పేరు చెప్పు అత్తమ్మా. పెద్దది చిన్నదాన్ని ఉండనియ్యలేదను."

 చివరికి అత్తమ్మ, "పండుగలకు మాత్రం ఈడనే తినాలె" అంది.

మేం వెళ్లిపోయాం. గల్లీ నిజంగానే లచ్చక్కను ఆడిపోసుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమె వినేలాగే అనేవారు. ఆమె బిందె నింపుకొని వచ్చేసేది, నిజం మాత్రం చెప్పేది కాదు. పాప పుట్టాక చూడ్డానికి వస్తే, "నా వల్ల నీకింత మాట వచ్చిందక్కా" అన్నాను. పాపను ఒళ్లో సర్దుకుంటూ, "అనేటోళ్లు నాలుగు దినాలంటరు, మానుకుంటరు. పిల్ల మంచిగ పాలు తాగుతున్నదా?" అంది.

ఫలానా కోడలు ఇల్లు విరిచిందని ఎవరు చెప్పినా ఈ రోజుకీ నేను వెంటనే నమ్మను. ఆ ఇంట్లో ఎవరికి ఊపిరాడలేదో ముందు కనుక్కుంటాను.