దున్నని మూల

ఇవాళ సాయంత్రం పునాదికి తవ్వి పోసిన ఎర్రమట్టి మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఆ వాసనకు బండి ఆపేశాను. అది ఒట్టి మట్టి వాసన కాదనీ, మట్టిలో కంటికి కనబడని జీవాలదనీ నాకు చెప్పింది మా చిన్నమ్మ.

తొంభైల్లో మాకు పట్నంలో, చిక్కపేట బజారులో చీరల అంగడి ఉండేది. క్రిస్మస్ సెలవులు రాగానే దేవనహళ్ళి దగ్గర అవ్వ చేనుకు పరుగెత్తేవాళ్లం. మంచుకు తడిసిన అనపకాయల జిడ్డు వేళ్లకు అంటి రోజంతా వదిలేది కాదు. ఆ గింజలు నానబెట్టి, తోలు పితికి అవ్వ చేసే పులుసులో వేడి సంగటి ముద్ద అద్దుకు తిని, కొత్త రాగిగడ్డి వామి మీద జారి, ఒళ్లంతా దురదతో ఇల్లు చేరేవాళ్లం. కానుగ చెట్ల కింద ఒక మూలను మాత్రం అవ్వ తొక్కనిచ్చేది కాదు. అది భూమమ్మ మూల. తాతల నాటి నుంచీ అక్కడ నాగలి దిగలేదు. ఏటా విత్తే ముందు అక్కడి ఆకుమట్టి గంపకెత్తి చేనంతా చల్లేది.

ఒక ఏడు పెద్దనాయన ఆ మూల కూడా దున్ని, పక్కనున్న తన ద్రాక్షతోటను అక్కడిదాకా పెంచుతానన్నాడు. అవ్వ అన్నం మానేసింది. అప్పుడే మా ఇంటికి కోడలై వచ్చిన చిన్నమ్మ మట్టిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తుండేది. ఆ మూల మట్టినీ, మందులు కొట్టిన తోట మట్టినీ పరీక్షిద్దామని, గాజు పళ్లేల్లో ముందే ఉన్న క్రిములు ఆవిరికి చావాలని వాటిని వంటింటి కుక్కర్లో పెట్టి పొయ్యెక్కించింది.

“బువ్వ వండే కుక్కర్లో మన్ను ఉడకేస్తావా?” అని అవ్వ కేకలేసింది.

“మన్ను కాదత్తా, పళ్లేలు. నీ భూమమ్మ కాడ ఎవరెవరుండారో చూస్తాం.”

కొన్నాళ్లకు మూల మట్టి వేసిన పళ్లెంలో పసుపు, గులాబీ, బూడిద రంగు చుక్కలు ముగ్గు పెట్టినట్టు లేచాయి. తోట మట్టి పళ్లెంలో ఒకటే తెల్లబూజు.

“ఇవన్నీ ప్రాణముండేవేనా?” అంది అవ్వ, ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి.

“అవునత్తా. ఆకు కుళ్లబెట్టి పైరుకు బువ్వ పెట్టేది ఇవే.”

అవ్వ పెద్దనాయన వైపు తిరిగింది. “చూడప్పా, ఆడ ఇంత సంసారముండాది. యాడికి పొమ్మంటావు?”

పెద్దనాయన ద్రాక్ష పందిరికి నిలిపే రాళ్లు మూలకు ఇవతలే పాతించాడు. ఆ ఏడు విత్తేటప్పుడు అత్తా కోడళ్లు ఒకే గంపను చెరో చెయ్యి వేసి మోశారు.

అవ్వ పోయాక, విమానాశ్రయం వచ్చాక, చుట్టూ అందరి చేలలాగే మాదీ ఇళ్లస్థలాల లేఔట్ అయింది. మొన్న చిన్నమ్మా నేనూ వెళ్లాం. మూల ఎక్కడుండేదో నేనొక చోట చూపించాను, తనింకో చోట చూపించింది. రెండు చోట్లా సిమెంటే. పిడికెడు మట్టి తీసుకుందామని చిన్నమ్మ తెచ్చుకున్న డబ్బా ఖాళీగానే తిరిగొచ్చింది.