తల్లి తాగిన మందు

మొన్న మా మనవరాలు తన చంటిదానికి జ్వరమొస్తే ఫోనులోనే డాక్టరును అడిగి, మందు ఇంటికే తెప్పించుకుంది. తెచ్చిన అబ్బాయి సంచీ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. సీసా మూత తిప్పిన చప్పుడు వినగానే నాకు ఎప్పటిలాగే భయం పట్టుకుంది. ఈ వయసులో ఇదేం భయమని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళు ఆనాటి ఆ చంటివాణ్ణి చూశారా ఏమిటి!

పంతొమ్మిది వందల యాభైల చివర్లో పాలమూరు జిల్లాలోని ఒక చిన్న దవాఖానలో నర్సుగా కొత్తగా చేరాను. ఆ కాలంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సీసా మనమే ఇంట్లో కడిగి పట్టుకుపోవాలి. కంపౌండరు అందులో మందు పోసి, పూటకో చెంచాడు అని కేకేసి, వెనకవాళ్ళను పిలిచేవాడు. అలా మందు తీసుకుపోయిన ఒక తల్లి, ఎండాకాలం మధ్యాహ్నం, చంటివాణ్ణి కొంగులో చుట్టుకుని మళ్ళీ వచ్చింది. వాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదవులు నల్లబడ్డాయి, ఏడ్చే ఓపిక కూడా లేదు. ఈ మందు పనిచేయడం లేదు, పెద్ద దవాఖానకు పంపాల్సిందే అన్నారు డాక్టరుగారు. బస్సు సాయంత్రానికిగాని లేదు. అంతవరకు వాడు ఉంటాడా?

ఆమె ముఖం కూడా పీక్కుపోయి ఉంటే, జాలేసి మజ్జిగ ఇవ్వబోయాను. వద్దంది.

"మందు తాగుతున్న గదమ్మా, పథ్యమున్న. పులుపు ముట్టద్దు."

ఎవరి మందు అని అడిగాను.

"పిలగాని మందే. చంటోనికి మందెట్ల పోస్తరు? నేను తాగితే పాలల్ల పోతది."

తప్పు ఆమెదని ఎలా అనను? మా అవ్వల కాలం నుంచీ అంతే కదా, పాలు తాగే బిడ్డకు జబ్బు చేస్తే వైద్యుడు తల్లికే మందిచ్చేవాడు, తల్లే పథ్యముండేది. ఈమె కూడా కడుపు మాడ్చుకుని, పూట తప్పకుండా తాగింది. బిడ్డ నోట్లో మాత్రం చుక్క పడలేదు. డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన వెంటనే సూదిమందు ఇచ్చారు. ఆమె వెంట తెచ్చిన సీసాలో మందు ఉగ్గుగిన్నెలో పోసుకుని చుక్కచుక్కగా నేనే వాడి నాలుక మీద వేశాను. మింగాడా లేదా అని ఆ గొంతు వంకే చూస్తూ కూర్చున్నాను, అంత భయం నా సొంత పురుళ్ళప్పుడు కూడా పడలేదు. బస్సు వచ్చేవేళకు వాడు రొమ్ము పట్టాడు. బస్సు పోనిమ్మన్నారు డాక్టరుగారు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఆ తల్లి అప్పుడు ఏడ్చింది.

ఆ తరువాత నేను పనిచేసినన్నాళ్ళూ, ఇది ఎవరు తాగాలె, ఎట్ల తాగాలె అని వాళ్ళ నోటితోనే చెప్పించుకున్నాకగాని సీసా చేతికి ఇచ్చేదాన్ని కాదు. చాదస్తమని తోటివాళ్ళు విసుక్కునేవారు. ఇప్పుడు మంచి మందులు వచ్చాయి, అన్నీ సీసా మీదే అచ్చేసి ఉంటున్నాయి, కాదనను. కాని ఆ సంచీ తెచ్చిన అబ్బాయి ఇది ఎవరికమ్మా అని అడగలేదు, అడగడం అతని పనీ కాదట. అందుకని నేనే అడిగాను.

"పాపకే అమ్మమ్మా, ఇంకెవరికి?" అంది మనవరాలు విసుగ్గా.

ఆ మాట దాని నోట విన్నాకే ఊపిరి పీల్చుకున్నాను.