సిస్టర్ చెయ్యి పట్టి గుంజిందెవరు?

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. తప్పులు పట్టడమే పని. నా తప్పులు మాత్రం మా ఆయన పడతారు. ఈ సంగతిలో తప్పెక్కడుందో ఇద్దరికీ దొరకలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఆ రోజు బంద్. ఆఫీసులో నా డెలివరీ ఏదీ గడువులోపు అయ్యేది కాదు. ఈ కాన్పు మాత్రం గడువుకు ముందే వచ్చింది. బస్సుల్లేక అమ్మ జనగామ దగ్గర మా ఊళ్లోనే చిక్కుకుపోయింది. రాయదుర్గంలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లే లేచి మా ఆటోకు దారిచ్చారు.

ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరి నొప్పులకు అరిచాను. సిస్టర్ కసిరింది.

"ఏందమ్మా గట్ల ఒర్రుతున్నవ్? లోకంల నువ్వొక్కదానివే కంటున్నవా? సదువుకున్నదానివి, జర సిగ్గుండాలె!"

నోరు మూసుకున్నాను. మంచి పేరు కోసం నేనెంతకైనా తెగిస్తాను.

మధ్యాహ్నం పాప పుట్టింది. నాకు దుప్పటి కప్పి, పాపను మా ఆయనకు చూపించడానికి సిస్టర్, ఆయమ్మ ఇద్దరూ బయటికి వెళ్లారు. అక్కడి ఆనవాయితీ అదే. డాక్టరమ్మ పై అంతస్తులో ఉంది.

కాసేపటికి నడుము కింద వెచ్చగా తడి. మామూలేమో అనుకున్నాను. తడి పెరిగింది. చెవుల్లో హోరు. పిలిస్తే మళ్లీ తిడుతుందేమో! తీరా పిలుద్దామంటే గొంతు పెగల్లేదు.

అప్పుడు సిస్టర్ తలుపు తోసుకుని వచ్చింది, వెనక్కి తిరిగి ఎవరితోనో అంటూ: "చూస్తున్న కదమ్మా, చెయ్యి ఇడువు!"

ఆమె వెనక ఎవరూ లేరు.

దుప్పటి ఎత్తి, రక్తం చూసి, డాక్టరమ్మను కేకేసింది. సూదులు, సెలైన్లు, పొత్తికడుపు మీద గట్టిగా నొక్కే చేతులు. బతికాను.

సాయంత్రం సిస్టర్ పక్కన కూర్చుంది. "మీ అమ్మ ఏది? 'పసిదాన్ని చూసింది చాలు, నా బిడ్డను చూడుపో' అని రెక్క పట్టి గుంజింది."

"అమ్మ ఇంకా ఊళ్లోనే ఉంది సిస్టర్."

సిస్టర్ లోపలికి వచ్చినప్పుడు మా ఆయన పాపను ఎత్తుకుని ఆ తలుపు ముందే ఉన్నారు. ఆయనకు సిస్టర్ పక్కన ఎవరూ కనిపించలేదు. మర్నాడు అమ్మ వచ్చింది. సిస్టర్ ఎగాదిగా చూసి "ఈమె కాదు" అంది.

ఇంటికి వెళ్లే రోజు కాన్పు గదిలో ఇంకో అమ్మాయి కేకలు పెడుతోంది. "ఒర్రు బిడ్డా, ఏం గాదు. నేనీడనే ఉన్న," అని ఎవరో ధైర్యం చెబుతున్నారు.

"ఆయమ్మ ఎంత మంచిదో," అన్నాను, నా చేతికున్న సూది తీస్తున్న సిస్టర్‌తో.

ఆమె చెయ్యి ఆగింది. "ఆయమ్మ మందులకు పోయింది. లోపల ఆ పిల్ల ఒక్కతే ఉంది."

ఆ గొంతు ఎవరిదో నేనిప్పటికీ చెప్పలేను. సిస్టర్ మాత్రం నన్ను అలాగే వదిలేసి అటు పరుగెత్తింది.