ఊసరవెల్లికి కట్టిన మందార కొమ్మలు

1981. ఉదయగిరిలో మా ఇంటి వసారానే నా కార్ఖానా. కొండ కర్రతో గరిటెలు, దువ్వెనలు, చెంచాలు చేసే పని మాది. మా అబ్బా, అంటే నాయన, నేర్పినాడు. అట్లాంటి నా దగ్గరికి ఒకరోజు ఆత్మకూరు బస్సు దిగి సుగుణ మేడం వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేది. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పేరు ఎత్తను.

"మస్తాన్ భాయ్, ఊసరవెల్లికి ఇల్లు కట్టాల," అనింది.

నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. రోడ్డు పనోళ్ళు రాళ్ళతో కొట్టిన ఊసరవెల్లిని ఆమె ఎత్తుకొచ్చి సాకుతా ఉండాది. దాని ముందరి కాలికి దెబ్బ. అది మానిందాకా కాలేజీ వరండాలో ఉంచాలనీ, కరిస్తే చస్తామని భయపడే విద్యార్థులకు అది ఏమీ చెయ్యదని చూపించాలనీ ఆమె ఆశ.

"బోను చెయ్యమంటారా మేడం?"

"బోను వద్దు. జాలీ వద్దు, తలుపు వద్దు. దీన్ని ఫ్రీ రేంజ్ అంటారు. చెట్టే దాని ఇల్లు. ఎక్కడానికి కొమ్మలుంటే అది ఊరికే కిందికి దిగదు. ఆ చెట్లు కదలకుండా నిలబడాల. అదే నీ పని."

నాలుగు నిలువు కర్రలు నిలిపి, వాటికి అడ్డకర్రలు వేసి, మందార, జామ మొక్కల కుండీలు కూర్చునేట్టు చట్రం చేసినాను. అది తేలిక. కష్టమంతా కొమ్మల్ని చట్రానికి కట్టడంలోనే. మేకు కొడితే కొమ్మ ఎండుతాది. బైండింగ్ వైరు, అంటే స్లాబు పనోళ్ళు కమ్ములు కట్టే సన్న ఇనప తీగ, బెరడును కోస్తాది, ఆ జీవం కాళ్ళనూ కోస్తాది. అందుకని పాత నూలు పంచె పీలికలు చించి, కొమ్మకూ కర్రకూ మధ్య ఎనిమిది అంకె మాదిరి తిప్పి వదులుగా కట్టినాను. ఒక కుండీ కొమ్మ పక్క కుండీ కొమ్మను తాకేట్టు చూసినాను, లేకుంటే ఊసరవెల్లి దాటను దారుండదు. వార్నిష్ దానికి పడదు, వద్దని మేడం ముందే చెప్పింది.

బస్సు టాపు మీద వేసుకొనిపోయి వరండాలో నిలబెట్టినాను. మేడం ఆకుల మీద నీళ్ళు చిలకరించింది. ఊసరవెల్లి ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పి, ఆకు కొస నుంచి జారే చుక్కను నాకింది.

"ఇది గిన్నెలో నీళ్ళు తాగదు భాయ్. చుక్క మెరిస్తేనే దీనికి నీళ్ళని తెలుస్తాది."

నెల తిరక్కముందే కాలేజీ అటెండరు వచ్చినాడు. "నీ కర్రలో విషం ఉండాదంట. కరస్పాండెంటు రమ్మంటా ఉండాడు." కరస్పాండెంటు అంటే కాలేజీ పెట్టిన యజమాని. చుట్టుపక్కల ఆయన మాటకు ఎదురులేదు. పనిముట్ల సంచీ తగిలించుకొని మొదటి బస్సెక్కినాను.

నా చట్రం ఆఫీసు గదిలో ఉండాది. నున్నగా వార్నిష్ కొట్టినారు. మొక్క ఒక్కటి లేదు. కర్రలకు ప్లాస్టిక్ ఆకులు మేకులతో బిగించి, బైండింగ్ వైరు చుట్టినారు. ఊసరవెల్లి నల్లగా మాడి, కళ్ళు గుంటలు పడి, ఒక మూల కరుచుకొని ఉండాది. బాగుండే ముందరి కాలు వైరులో ఇరుక్కొని వాచింది. దాని ముందర స్టీలు గిన్నెలో నిండా నీళ్ళు.

సుగుణ మేడం గోడవారన నిలబడి ఉండాది. వారం పాటు నెల్లూరులో పరీక్షల డ్యూటీకి పోయి, ఆ పొద్దునే వచ్చిందంట.

"ఏం కర్ర పెట్టినావురా?" అన్నాడు కరస్పాండెంటు. "రేపు ఇన్‌స్పెక్షన్. ఇది చస్తే నేనేం చెప్పాల?"

"అయ్యా, నేను కట్టిన మొక్కలేవి?"

"నేలంతా నీళ్ళు, మన్ను. అవతల పారేయించినా. ఇవైతే వాడవు, రాలవు. గిన్నె నిండా నీళ్ళు కూడా పెట్టించినా గదా, తాగకపోతే నా తప్పా?"

ఒక కాగితం ముందుకు తోసినాడు. లెక్చరరు చెప్పిన కర్రే వాడినాననీ, అందులో విషం ఉండేది నాకు తెలియదనీ రాసుండాది. ఒక్క సంతకంతో ఆమె ఉద్యోగమూ పోతాది, నా పేరూ పోతాది.

"సంతకం పెట్టొద్దు భాయ్," అనింది మేడం.

నా ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, ఇదే కర్రతో చేసిన గరిటెలతో ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో పప్పు తిప్పతా ఉండారు. మీ ఇంట్లో కూడా. విషమైతే ఈపాటికి ఎవరూ మిగలకూడదు," అన్నాను. ఆయన అరస్తానే ఉండాడు. నేను సంచీలోంచి కటింగ్ ప్లయరు తీసి, వైరు తుంచి, కాలు విడిపించినాను. వేళ్ళ దగ్గర చర్మం తెగి ఉండాది.

పారేసిన కుండీలు ప్రహరీ వెనకాల పడుండాయి. పగిలినా ఒక మందార ఇంకా పచ్చగానే ఉండాది. మేడం ఊసరవెల్లిని దాని మీదికి ఎక్కించి, దోసిట్లో నీళ్ళు తెచ్చి చుక్కచుక్కగా వదిలింది. అది ఎంతసేపటికీ కదల్లేదు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు నోరు తెరిచింది. ఇద్దరం ఎండలో నిలబడి, చాలనేదాకా తాపినాము.

మేడం దాన్ని ఇంటికి తీసుకొనిపోయింది. ఒక వేలు పోయింది గానీ బతికింది. రెండు నెలలకు ఉదయగిరి కొండ కింద పొదల్లో వదిలినాము. మేడం ఉద్యోగం మాత్రం ఆ ఏడాదితోనే తీసేసినారు. క్రమశిక్షణ లేదని రాసినారంట! మరుసటేడు కాలేజీ పుస్తకంలో ఆ ప్లాస్టిక్ ఆకుల చట్రం ఫోటో వేసుకున్నారు, పక్కన నవ్వతా కరస్పాండెంటు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

కొయ్య పని చేసేవాడు, చేయించుకునేవాడి మాట కంటే ముందు వాడుకునే ప్రాణాన్ని చూడాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కలిగిరి నుంచి ఒకాయన, వాళ్ళ అవ్వకు చేతికర్ర కావాలని చీటీ మీద కొలత రాసి పంపినాడు. చీటీ తిప్పి పంపించి, బస్సెక్కి వాళ్ళింటికి పోయినాను. ఆ అవ్వ పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. ఆ సంగతి చీటీలో లేదు.