అరగని నాడా

దేవరకొండలో గుర్రాలకు లాడాలు కొట్టే ఐలేశం తాత దుకాణం గోడకు పాత గుర్రపు నాడాలు వేలాడుతుంటాయి. పెళ్లి ఊరేగింపులో ఆడే గుర్రం తారురోడ్డు మీద జారకుండా టైరు ముక్క అంటించినది ఒకటి. గిట్ట చీలిన గుర్రానికి చుట్టూ మూసిన గుండ్రటిది మరొకటి. డెబ్బై ఏళ్లు దాటినా, గిట్టను అరచేతిలోకి తీసుకుని చూడందే ఆయన ఇనుము ముట్టడు.

నేను వెళ్లింది గుర్రం పని మీద కాదు. నా కూతురు గ్రేస్ ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. నల్లగొండ దవాఖానలో పిండికట్లు వేసి సరిచేశాక, రెండు చిన్న బూట్లను ఒక కడ్డీకి బిగించి ఇచ్చారు. మూడు నెలలు, రోజుకు ఇరవై మూడు గంటలు తొడగాలన్నారు.

పాప ఏడ్చినప్పుడల్లా విప్పాను. మొదట అరగంట, తర్వాత పూటంతా. జంతుశాస్త్రం చదివినదాన్ని, కండరం పాదాన్ని మళ్లీ పాతవైపు లాగుతుందని నాకు తెలుసు. నిన్న స్నానం చేయిస్తుంటే ఆ పాదం లోపలికి వాలినట్టు కనిపించింది. మా ఆయన ప్రేమ్‌సాగర్‌కు చెప్పలేదు. ఈ మధ్యాహ్నమే డాక్టరుకు చూపించాలి. కడ్డీ పొడవు తగ్గిస్తే పాప ఏడవదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

"తాతా, దీన్ని రెండంగుళాలు కోసియ్యవా?"

ఆయన కడ్డీని తిప్పి చూశాడు. "డాక్టరు కొయ్యమన్నడా?"

నేను పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"అయితే నువ్వే డాక్టరువైనవ్."

చేతులు పంచెకు తుడుచుకుని పాప పాదం పట్టుకున్నాడు. ఆ గోళ్ల నిండా గుర్రపు పేడ, తుప్పు. ధనుర్వాతం గుర్తొచ్చి పాపను వెనక్కి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు.

"గిసొంటి కాలే ఒక గుర్రంపిల్లకుండె, బిడ్డా. బయటి పక్కకు రేకు సాగదీసి నాడా చేసిన. మొల కొట్టలే, అంటించిన. నెల ఉంచాలె. అది కుంటుకుంట తల్లి కాడికి పోతాంటే నా పానం ఆగలే. తొమ్మిదో రోజు పీకేసిన."

"తర్వాత?"

గోడ చివర వేలాడుతున్న చిన్న నాడాను చూపించాడు. మిగతావన్నీ అరిగి పలచబడ్డాయి. దాని అంచులు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి.

"గిట్ట మెత్తగున్నప్పుడే కాలు మళ్లుతది. గట్టిపడ్డంక నేనేం చేస్త? కుంటిదయింది. దానికి నోరు లేదు, నన్ను తిట్టలే. నీ బిడ్డకు నోరొస్తది."

ఆయన కడ్డీని నా చేతిలో పెట్టాడు.

"తొడుగు. మోకాలు నేను వట్టుకుంట."

గ్రేస్ ముఖం ఎర్రబడేలా ఏడ్చింది. పట్టీ బిగిస్తుంటే అప్పుడు చూశాను. రెండు నెలలుగా వాడుతున్న తోలు. బకిల్ పడే చోట ముడత కూడా లేదు, కొన్ననాటిలాగే ఉంది. డాక్టరు నన్నేమీ అడగక్కర్లేదు, ఈ తోలు చూస్తే చాలు.

"కడ్డీ కొయ్యలేదేంది అంటవేమో, అది డాక్టరునడుగు," అన్నాడాయన. "నల్లగొండ బస్సొచ్చింది, పో."

బస్సులో గ్రేస్ ఏడుపు ఆపలేదు. విప్పినట్టు డాక్టరుకు నేనే ముందు చెప్పాలని ఆ మాటలు లోలోపల కూడబలుక్కుంటున్నాను. మళ్లీ పిండికట్లు వేస్తారా? లేక ఆలస్యమైందంటారా? ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి, "జర ఆ బూట్లు తియ్యరాదమ్మా, పసిపోరి" అంది.

మల్లేపల్లి దాటేలోగా నా చెయ్యి రెండుసార్లు బకిల్ మీదికి పోయింది. మూడోసారి పోకుండా, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.