వణికిన బొమ్మ

మా అన్నయ్య తొకుజి, సకాతా ఊరి రేవులో పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. వణుకుడు జబ్బుతో పరుపు దిగలేని వదిన షిజుఎకి పాత ఇంటి సినిమాలు చూపిద్దామని ఆ వానాకాలంలో అటకమీది ప్రొజెక్టరు దించాడు.

గోడకి కట్టిన దుప్పటి మీద బొమ్మ నిలవలేదు. సముద్రపొడ్డున అన్నయ్య పాపని ఎత్తుకుని నవ్వుతున్నాడు, ఇద్దరూ గజగజలాడిపోతున్నారు. అన్నయ్య ఫిల్ము నడిచే దారిని దూదితో తుడిచాడు. సాగిన బెల్టు మార్చాడు. ఫిల్ముని కాస్త వదులుగా మళ్లీ ఎక్కించాడు. వణుకు పోలేదు.

"ఇంకో రీలు వేసి చూడన్నయ్యా," అన్నాను.

తను తీసిన రేవు రీలు వేశాడు. అందులో దీపస్తంభం కాస్తయినా కదల్లేదు.

"మిషను బాగానే ఉంది. మరి ఆ ఫిల్ముకేమైంది?" అని గొణుక్కున్నాడు.

"దానికేం కాలేదండీ. అది తీసింది నేను," అంది వదిన పరుపు మీంచి. "చలికి చెయ్యి వణికిందనుకున్నా అప్పుడు."

"చలేంటి, పాప పొట్టిచేతుల గౌనులో ఉంటేను," అనేశాడు అన్నయ్య. అన్నాక తల దించుకున్నాడు.

డాక్టరు జబ్బు పేరు చెప్పింది ఆ తర్వాత చాలా ఏళ్లకి. అప్పటిదాకా గిన్నె జారితే పరధ్యానం అనుకున్నాం, కుట్టు వంకరపోతే కళ్లజోడు మార్పించాం. ఇప్పుడిక మందులూ పనిచెయ్యడం లేదు.

"మళ్లీ అదే వెయ్యండి. మీ మొహం చూసుకుంటాను," అంది వదిన.

రీలు తిరిగినంతసేపూ ఆవిడ చూస్తూనే ఉంది. అన్నయ్య అటు చూడలేదు. పక్కన కూర్చుని ఆవిడ చేతుల్ని తన చేతుల మధ్య అదిమిపట్టాడు. ఎంత పట్టుకున్నా అవి ఆగలేదు.